యూనివర్సిటీ క్లినిక్‌లో మా చిన్నోడి స్పీచ్ థెరపీ: పేరు రాయించిన దగ్గర్నుంచి చివరి రిపోర్టు దాకా

ఒహాయోలో ఒక యూనివర్సిటీ నడిపే స్పీచ్ క్లినిక్‌లో మా చిన్నోడి థెరపీ 2025 మే మొదటి వారంలో అయిపోయింది. మొదలుపెట్టక ముందు దీని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని తెగ వెతికాను. ప్రైవేటు థెరపీల గురించి, ఇండియా వెళ్ళి చేయించుకున్నవాళ్ళ గురించి దొరికాయి. చుట్టుపక్కల కుటుంబాల కోసం యూనివర్సిటీవాళ్ళు నడిపే క్లినిక్‌లో అడుగుపెడితే ఏమవుతుందో చెప్పేది ఒక్కటీ కనబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చిరాకులు కూడా చెప్తాను కాబట్టి యూనివర్సిటీ పేరు రాయను. అమెరికాలో స్పీచ్ పాథాలజీ (మాట ఇబ్బందులు సరిదిద్దే చదువు) మాస్టర్స్ చెప్పే కాలేజీల్లో చాలావాటికి ఇలాంటి క్లినిక్ ఉంటుంది, మీ దగ్గర్లో ఉందేమో చూసుకోవచ్చు.

2023 జూన్‌లో వాడి రెండేళ్ళ చెకప్. "రెండు మాటలు కలిపి అంటాడా?" అని డాక్టర్ అడిగారు. వాడు అప్పటికి అనేవే పది పదిహేను మాటలు. అవీ విడివిడిగా, సగం మాకు తప్ప ఎవరికీ అర్థం కానివి. కావాల్సింది ఉంటే మా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరకి లాక్కెళ్ళేవాడు. ఆటిజం కోసం అడిగే ఇరవై ప్రశ్నల కాగితం నింపించారు. స్కోరు తక్కువ వచ్చింది, భయపడక్కర్లేదన్నారు. అయినా రెండు చీటీలు చేతిలో పెట్టారు: ఒకటి చెవుల పరీక్షకి, ఇంకోటి ఎదుగుదల వెనకబడిన మూడేళ్ళలోపు పిల్లలకి రాష్ట్రం ఇచ్చే సాయం, ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి. బయటికి వస్తుంటే నర్సు ఒక సలహా కూడా ఇచ్చింది, "ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి, ఇంగ్లీష్ అయితే మంచిది" అని.

ఆ సలహా మమ్మల్ని చాలా రోజులు పీడించింది. మా ఆయన వారంపాటు ఇంగ్లీషులో మాట్లాడి చూశారు. పప్పన్నం కలిపి తినిపిస్తూ ఇంగ్లీషు మాట్లాడుతుంటే వంటింట్లో ఆఫీసు మీటింగు పెట్టినట్టుండేది. తెనాలి నుంచి అత్తయ్యగారు వీడియో కాల్‌లో కొట్టిపారేశారు. "వాళ్ళ నాన్న మూడేళ్ళదాకా నోరు విప్పలేదమ్మాయ్. ఇప్పుడు ఆపమన్నా ఆపడు. నువ్వు బెంగ పెట్టుకోకు" అన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి కాల్ వచ్చినప్పుడల్లా ఇంట్లో తెలుగు తిరిగొచ్చేది.

ఎర్లీ ఇంటర్వెన్షన్‌వాళ్ళు త్వరగానే వచ్చారు. రిఫరల్ వెళ్ళిన 45 రోజుల్లోపు ప్లాను తయారు కావాలని చట్టం, మాకు జూలై చివర్లో అయింది. మా రాష్ట్రంలో వాళ్ళ పద్ధతి ఏమిటంటే బిడ్డకి నేరుగా థెరపీ చేయడం కన్నా ఇంటికొచ్చి తల్లిదండ్రులకి నేర్పించడం. కొన్ని గంటలదాకా ఉచితం, తర్వాత ఆదాయాన్ని బట్టి. వచ్చినావిడ మంచిది. కానీ నెలకి రెండుసార్లే. మాట మీదే పనిచేసే మనిషి వారానికోసారైనా వాడి ఎదురుగా కూర్చుంటే బాగుండని మా ఇద్దరికీ అనిపించింది.

ఈలోగా మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన, ప్రభుత్వ సేవలు వాడుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డమని పెట్టారు. ఆ రాత్రి మా ఆయనకి నిద్ర లేదు. పొద్దున్నే కంపెనీ లాయరుకి మెయిల్ పెట్టారు. పిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్, స్కూల్లో ఇచ్చే ప్రత్యేక విద్య పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే) లెక్కలోకి రావని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. మీకూ ఆ అనుమానం ఉంటే గ్రూపులో కాకుండా లాయర్ని అడగండి.

ప్రైవేటు క్లినిక్‌కి ఫోన్ చేస్తే మొదటి పరీక్షకి మూడొందల యాభై డాలర్ల పైన, తర్వాత గంటకి నూట నలభై దాకా అన్నారు. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకున్నాం. మా ప్లానులో ఎదుగుదల ఆలస్యానికి స్పీచ్ థెరపీ లేదు. ఇన్సూరెన్స్ అమ్మాయి ఫోన్‌లో ఎంతో మర్యాదగా విడమరిచి చెప్పింది: స్ట్రోక్ వచ్చి పోయిన మాటని తిరిగి తెప్పించుకోవడానికైతే డబ్బులిస్తారట, అసలు రాని మాటకి ఇవ్వరట. అన్ని ప్లాన్లూ ఇలా ఉండవు, మీది మీరు చదువుకోండి.

యూనివర్సిటీ క్లినిక్ సంగతి చెప్పింది మా ఇంటికొచ్చే ఎర్లీ ఇంటర్వెన్షన్ ఆవిడే, ఆగస్టు మొదట్లో. వెంటనే ఫోన్ చేశాను. ఫాల్ సెమిస్టర్ నిండిపోయిందన్నారు. అక్కడే నాకు మొదటిసారి తెలిసింది, ఇది ఆసుపత్రి క్యాలెండర్ మీద కాకుండా కాలేజీ క్యాలెండర్ మీద నడుస్తుందని. ఆగస్టు చివర నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఒక విడత, జనవరి చివర నుంచి ఏప్రిల్ చివర దాకా ఇంకోటి, వేసవిలో పొట్టిది ఒకటి. థెరపీ చేసేది విద్యార్థులే, వాళ్ళు ఎంతమంది ఉంటే అన్నే ఖాళీలు. వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకున్నారు. తర్వాత సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు ఉలుకూ పలుకూ లేదు. నెలకోసారి నేనే ఫోన్ చేసి "మా పేరు ఉందాండీ" అని అడిగేదాన్ని. ఆఫీసులో పెద్దావిడ నా గొంతు గుర్తుపట్టేసింది. డిసెంబరులో పరీక్షలు ముగిసే వారం ఆవిడే ఫోన్ చేసి, "జనవరిలో రండి" అంది. సింకు దగ్గర గిన్నెలు వదిలేసి కిందే కూర్చుండిపోయాను.

ముందు పద్నాలుగు పేజీల ఫారం వచ్చింది. కాన్పు దగ్గర్నుంచి ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు, ఏం తింటాడు, ఇంట్లో ఎవరు ఏ భాషలో ఎంతసేపు మాట్లాడతారు అన్నీ. ఫోన్‌లో తీసిన వీడియోలు కొన్ని పంపమన్నారు. భోజనం దగ్గరివి, ఆటలవి. ఇంకో కాగితంలో ఇంగ్లీషు మాటల పట్టీ, వాడు అనేవాటి పక్కన టిక్ పెట్టాలి. దానిమీద ఒకరు పెన్నుతో రాశారు: "మీ భాషలో అనేవి వేరే కాగితం మీద రాయండి. రెండూ మాకు కావాలి." ఇంగ్లీషు పట్టీలో టిక్కులు పదిహేడు. తెలుగు కాగితం మీద అత్తయ్యగారు వీడియో కాల్‌లో గుర్తుచేస్తుంటే నేను రాస్తూ పోయాను. అమ్మ, తాత, బువ్వ, జోజో, బూచి, అమ్మో... ముప్ఫై దాటింది. సరిగ్గా పలకనివీ లెక్కేనా అంటే, ఎప్పుడూ ఒకే వస్తువుకి అదే శబ్దం వాడుతుంటే లెక్కేనన్నారు. నర్సు చెప్పినట్టు ఇంగ్లీషే లెక్కేసి ఉంటే మా వాడు సగానికి పైగా తగ్గిపోయేవాడు.

2024 జనవరి మూడో వారంలో మొదటి పరీక్ష. బయట మంచు. ఒకే బిల్డింగులో ఒక పక్క చెవులు, ఇంకో పక్క మాట. ముందు చెవుల పరీక్ష. నా ఒళ్ళో కూర్చోబెట్టి రెండు వైపుల నుంచీ శబ్దాలు పెట్టారు. వాడు అటు తిరిగితే చీకటి డబ్బాలో కోతిబొమ్మ వెలిగి తాళాలు కొడుతుంది. వాడికి మహా సరదా. తర్వాత చెవిలో చిన్న గొట్టంలాంటిది పెట్టి కర్ణభేరి ఎలా కదులుతోందో చూశారు. ఎడమ చెవిలో గీత చదునుగా వచ్చింది, లోపల నీరు చేరిందన్నారు. డేకేర్ పిల్లలకి జలుబు చేసినప్పుడు మామూలేనట. మూడు నెలలు చూద్దాం, పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి అన్నారు. ఏప్రిల్‌లో మళ్ళీ చూస్తే నీరు లేదు. మధ్యలో ఆ మూడు నెలలూ నేను వాడి ఎడమ వైపు చేరి గుసగుసగా పిలుస్తూ, తిరిగాడా లేదా అని చూస్తూ గడిపాను.

మాట పరీక్షకి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలా అని ముందే అడిగారు. నేనున్నాను కదా అంటే, తల్లి చేయకూడదు, తెలియకుండానే సాయం చేసేస్తారు అన్నారు. నిజమే. టేబుల్ మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేశారు. అవతల ఎక్కడి నుంచో ఒకాయన ఎంతో గౌరవంగా, "బాబూ, దయచేసి బంతిని చూపించండి" అన్నారు. రెండున్నరేళ్ళ వాడికి! వాడు బంతిని వదిలేసి ఫోన్ ఎత్తి వెనక ఎవరున్నారా అని తిప్పి చూశాడు. విద్యార్థుల పని చూసుకునే సూపర్‌వైజర్ నవ్వాపుకోలేక ఫోన్ పక్కన పెట్టించి, నన్ను ఇంట్లో ఆడించినట్టు ఆడించమని, వాళ్ళు చూస్తూ రాసుకున్నారు. ఆ పరీక్షకి స్కోర్లు వేయలేదు. పరీక్ష తయారుచేసినప్పుడు లెక్కలోకి తీసుకున్న పిల్లల్లో తెలుగు పిల్లలు లేరు, అంకె వేస్తే అది మీవాడి గురించి నిజం చెప్పదు అని రిపోర్టులోనే రాశారు. రెండు భాషల్లోనూ ఆలస్యం ఉంది, అర్థం చేసుకోవడం బాగుంది, చెప్పడం వెనకబడింది, థెరపీ కావాలి, అంతే. తెలుగు మానమంటారా అని అడిగాను. "మానొద్దు. మీకు బాగా వచ్చిన భాషలోనే మీరు వాడితో ఎక్కువ మాట్లాడగలరు" అంది ఆవిడ. మా ఆయన ఆ రాత్రి నర్సు మీద చాలాసేపు చిందులు తొక్కారు.

డబ్బుల సంగతి. ఇక్కడ సెమిస్టర్‌కి ఇంతని ఫీజు, ఆదాయాన్నీ ఇంట్లో మనుషుల సంఖ్యనీ బట్టి తగ్గిస్తారు. జీతం స్లిప్పులు, ట్యాక్స్ కాగితం ఇచ్చాం. మా ఆయన జీతానికి పెద్దగా తగ్గలేదు. అయినా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి యాభై నిమిషాలు, సెమిస్టర్ మొత్తానికి నాలుగొందల చిల్లర. పరీక్షకి వేరుగా నూట ఇరవై. ఇన్సూరెన్స్‌కి వాళ్ళు బిల్లు పంపరు, మనం పంపుకుందామంటే రసీదు ఇస్తారు. ఇంత తక్కువ ఎందుకంటే థెరపీ చేసేది మాస్టర్స్ విద్యార్థులు. ఈ చదువుకి సర్టిఫికెట్ రావాలంటే 400 గంటల క్లినిక్ అనుభవం ఉండాలి. అందులో 25 చూసి నేర్చుకునేవి, 375 స్వయంగా చేసేవి. మావాడు ఆ 375లో కొన్ని గంటలు. సూపర్‌వైజర్ కనీసం నాలుగో వంతు సమయం చూస్తూ ఉండాలని నియమం. మొదటి నెల అయితే దాదాపు పూర్తిగా అద్దం వెనకే ఉంది.

లెక్కలోకి రాని ఖర్చు పార్కింగ్. కారు అద్దానికి తగిలించే చీటీ క్లినిక్ వాళ్ళే ఇచ్చారు, ఉచితం. కానీ అది సెమిస్టర్‌తోపాటు ముగిసిపోతుంది. వేసవి విడత మొదటి రోజు పాత చీటీతోనే కారు పెడితే ముప్ఫై ఐదు డాలర్ల జరిమానా కాగితం. ఆఫీసు పెద్దావిడకి చూపిస్తే ఎవరికో ఫోన్ చేసి కొట్టేయించింది. అలాంటి పెద్దావిడ ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు, ఆవిడతో మంచిగా ఉండండి.

ఆ అద్దం గది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. థెరపీ గదికి ఒక గోడ అద్దం. లోపల్నుంచి చూస్తే అద్దం, ఇవతల చీకటి గదిలోంచి చూస్తే కిటికీ. ఇక్కడ మేం, స్పీకర్‌లో వాళ్ళ మాటలు. మొదటి రోజు నా పక్కన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు ఫారాలు పట్టుకుని కూర్చున్నారు, చూసి నేర్చుకునే గంటలు పూర్తిచేసుకోవడానికి. మావాడు నోరు తెరిచినప్పుడల్లా కాగితం మీద గీత. సెషన్ ముగియకముందే ఒక అమ్మాయి పేజీని నా కంటి చివర్నుంచి చూశాను. నాలుగు గీతలు. నా బిడ్డ నోట్లోంచి వచ్చిన మాటల్ని ఎవరో లెక్కపెడుతుంటే కూర్చోవడం సులువు కాదు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

లోపల విద్యార్థిని మొదటి సెమిస్టర్ పిల్ల. చేతులు వణకడం అద్దంలోంచి కూడా కనిపించింది. సబ్బు బుడగల సీసా మూత గట్టిగా బిగించి వాడికిచ్చింది. వాడు తిప్పాడు, రాలేదు, ఆమె చేతిలో పెట్టాడు. ఇంట్లో అయితే ఆ క్షణంలో మూత తీసి ఊదేస్తాం. ఈ అమ్మాయి సీసా పట్టుకుని, కనుబొమలెత్తి, వాడి ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. ఎంతసేపు! వాడు మూలిగాడు, సీసా లాగాడు, నా కోసం తలుపు వైపు చూశాడు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. నా పక్కన సూపర్‌వైజర్, "ఆగండి" అంది. చివరికి వాడు "ఓ" అన్నాడు. ఓపెన్‌లో ఓ. ఆ పిల్ల వెంటనే "ఓపెన్!" అని మూత తీసి గదినిండా బుడగలు ఊదింది. తర్వాత వారంలో నన్ను లోపలికి పిలిచి అదే పని నాచేత తెలుగులో చేయించారు. పది లెక్కపెట్టమన్నారు మనసులో. నేను నాలుగు దాకా రాకముందే మూత తీసేశాను. మళ్ళీ చేయించారు.

మన ఇళ్ళలో పిల్లవాడు నోరు తెరవకముందే నీళ్ళ గ్లాసు వస్తుంది. నిజానికి థెరపీలో ముప్పాతిక వంతు మాకే. వాడు చేస్తున్నదాన్ని మనం పైకి అనడం, వాడు ఒక మాట అంటే దానికి ఇంకొకటి కలిపి తిరిగి అనడం, "పాలా? అరటిపండా?" అని రెండు ఎదురుగా పెట్టి ఆగడం. ప్రశ్నలు తగ్గించమన్నారు. "ఇదేంటి చెప్పు? అదేంటి చెప్పు?" అని వాడిని రోజంతా పరీక్ష పెడుతున్నామని వీడియోలు చూపించి చెప్పారు. చూస్తే నిజమే, మా ఆయన నిమిషంలో తొమ్మిది ప్రశ్నలు అడిగారు.

మార్చిలో అత్తయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మొదట "డబ్బులిచ్చి బిడ్డని ఏడిపించుకుంటారా" అన్నారు అద్దం వెనక నుంచి. రెండో వారానికి వీళ్ళ చిట్కాలన్నింటిలోకీ బాగా చేసింది ఆవిడే. గోరుముద్ద చేత్తో పట్టుకుని నోటిదాకా తెచ్చి ఆపేవారు. వాడు "అమ్" అంటే తప్ప పెట్టేవారు కాదు. అది చూసి సూపర్‌వైజర్ క్లాసులో చూపించడానికి వీడియో తీయొచ్చా అని అడిగింది. అత్తయ్యగారు ఆ రోజు వేరే చీర కట్టుకుని వచ్చారు.

అదే మార్చిలో స్కూల్ డిస్ట్రిక్ట్ గోల కూడా మొదలైంది. మూడేళ్ళు నిండితే ఎర్లీ ఇంటర్వెన్షన్ ఆగిపోతుంది, తర్వాత బాధ్యత స్కూల్ వాళ్ళది. పుట్టినరోజుకి 90 రోజుల ముందే మీటింగ్ పెట్టాలి. మేం సంతకం పెట్టాక 60 రోజుల్లో పరీక్షలు పూర్తిచేశారు. యూనివర్సిటీ రిపోర్టు పట్టుకెళ్ళడం ఇక్కడ బాగా పనికొచ్చింది. స్కూలువాళ్ళు ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే పెట్టబోతుంటే, ఆ రిపోర్టులోని వాక్యాలు చూపించాం, ఇంట్లో భాషనీ లెక్కలోకి తీసుకున్నారు. మే చివర్లో ఐఈపీ (స్కూలు ఒక్కో పిల్లవాడికి రాసే ప్రత్యేక విద్య ప్లాను) వచ్చింది. ఉచితం, కానీ వారానికి అరగంటే, అదీ ఆగస్టులో స్కూలు తెరిచాక. రెండూ పెట్టుకోవచ్చా అని భయపడ్డాం. పెట్టుకోవచ్చు.

యూనివర్సిటీలో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది సెలవులు, మనుషుల మార్పు. ప్రతి సెమిస్టర్‌కీ కొత్త విద్యార్థి. ఏప్రిల్ చివర్లో మొదటి అమ్మాయి వెళ్ళిపోయింది, వెళ్ళేముందు నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. జూన్‌లో వేసవి విడతకి వెళ్తే గదిలో కొత్త మనిషిని చూసి మావాడు చెప్పులు విప్పకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. మొదటి వారం దండగే. ఆ కొత్త మనిషి అబ్బాయి, ఈ చదువులో మగపిల్లలు అరుదు. పల్లెటూరి పిల్లాడు, వాళ్ళది మొక్కజొన్న పొలమట. రెండో వారం ఒక బొమ్మ ట్రాక్టర్ తెచ్చాడు. మా వాడు "టాకటర్ పో" అన్నాడు. రెండు మాటలు. ఒకటి ఇంగ్లీషు, ఒకటి తెలుగు. ఆ అబ్బాయికి "పో" తెలియక నావైపు, అంటే అద్దం వైపు, చూశాడు. నేను లోపలికి పరిగెత్తాను.

ఫాల్‌కి మళ్ళీ ఇంకొకరు. డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి చివరిదాకా ఏమీ లేదు. ప్రైవేటు చోట అయితే క్రిస్మస్‌కి ఒక వారం ఆపుతారేమో. ఇక్కడ ఏడు వారాల పైన. ఇంటి పని కాగితాలు ఇస్తారు, చేస్తాం, మూడో వారానికి జారిపోతాం. ఎవరైనా దీనికి చేరుతుంటే ఇది ముందే తెలుసుకోవాలి. త్వరగా, ఒకే మనిషితో, ఏడాది పొడుగునా కావాలంటే ఈ చోటు సరిపోదు. బాగా తీవ్రమైన ఇబ్బంది ఉన్న బిడ్డకైతే నేను దీనిమీదే ఆధారపడమని చెప్పను. మాకు నష్టం కన్నా లాభమే ఎక్కువైంది. ప్రతి కొత్త విద్యార్థీ పాత రిపోర్టుని పరీక్షకి చదివినట్టు చదివి వచ్చేవాళ్ళు. ఒక్కొక్క సెషన్‌కీ ముందు రోజు రాత్రి ప్లాను రాసి సూపర్‌వైజర్ చేత దిద్దించుకునేవాళ్ళు. గంటకి నూట నలభై ఇచ్చినచోట నా బిడ్డ గురించి అంతసేపు ఆలోచిస్తారని నాకు నమ్మకం లేదు.

2024 అక్టోబరులో సూపర్‌వైజర్ అడిగింది, మీవాళ్ళ పిల్లలకి ఉచితంగా వినికిడి, మాట పరీక్షలు చేయడానికి ఎక్కడైనా చోటు దొరుకుతుందా అని. ఆదివారం తెలుగు బడి జరిగే గుడి బేస్‌మెంట్ అడిగి ఇప్పించాం. పెట్టెలతో విద్యార్థులు వచ్చారు. మొదటి అరగంటలో వినికిడి పరీక్షలో పిల్లలు వరసగా ఫెయిల్. అందరూ కంగారుపడ్డారు. పైన హారతి, గంట, కింద భోజనాల కుర్చీలు లాగుతున్న చప్పుడు. చిన్న శబ్దం ఎవరికి వినపడుతుంది? చలికోట్లు తగిలించుకునే గదిలోకి మార్చారు. కోట్ల మధ్య నిశ్శబ్దంగా ఉంది, దాదాపు అందరూ పాసయ్యారు.

అసలు చిక్కు వేరే. చెవుల పరీక్షకి క్యూ కట్టారు, మాట పరీక్ష బల్ల దగ్గరకి ఎవరూ రాలేదు. "మావాడికేం లేదండీ" అంటూ పక్కనుంచి వెళ్ళిపోయారు. ఈ కాగితం స్కూలుకి వెళ్తుందా, రికార్డులో పడుతుందా అని ఒకాయన చాలాసేపు వాదించాడు. వెళ్ళదు, రిజల్టు మీ చేతికే ఇస్తాం అని రాసి చూపించాకే సంతకం పెట్టాడు. మధ్యాహ్నం నేనూ మా ఆయనా మా వాడిని తీసుకెళ్ళి అందరూ చూస్తుండగా ఆ బల్ల ముందు కూర్చోబెట్టాం. వాడు ట్రాక్టర్ గురించి ఆపకుండా చెప్పాడు. అప్పుడు మెల్లిగా ముగ్గురు నలుగురు వచ్చారు. ఒకావిడ ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టింది, "అక్కా, ఎవరికీ చెప్పకండి, నంబర్ ఇవ్వరా" అని.

ఆవిడకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. ఫాల్‌కి కావాలంటే మార్చి, ఏప్రిల్‌లోనే ఫోన్ చేయండి, జనవరి విడతకి సెప్టెంబరులో. వాళ్ళు పిలుస్తారని కూర్చోకండి, నెలకోసారి మీరే చేయండి. ఫోన్‌లో అడగాల్సినవి: ఫీజు తగ్గింపు ఉందా, ఒకే సూపర్‌వైజర్ కొనసాగుతారా (మాకు రెండు సెమిస్టర్లు ఒకావిడే ఉంది, తర్వాత మారింది), అద్దం వెనక కూర్చోనిస్తారా, ఇంటర్‌ప్రెటర్ ఎవరు. పగటి పూట టైములే ఉంటాయి. మా ఆయన వారానికి ఒక రోజు ఇంటి నుంచి పని చేయగలిగారు కాబట్టి కుదిరింది, లేకపోతే కష్టం. వెయిటింగ్ లిస్టులో ఉండగానే ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి కూడా పెట్టండి, అది ఎదురుచూడనివ్వదు.

2025 వసంతంలో మావాడు వాక్యాలు చెప్పడం మొదలుపెట్టాడు. "అమ్మా, నువ్వు ఆఫీసు కాల్‌లో ఉన్నావా?" అని తలుపు సందులోంచి అడుగుతాడు. ర ఇంకా పూర్తిగా రాలేదు, అది తర్వాత వస్తుందిలే అన్నారు. ఏప్రిల్ చివర్లో మళ్ళీ మాటలు, వాక్యాల పొడవు రెండు భాషల్లోనూ చూసి, ఇక థెరపీ అవసరం లేదు, ఆరు నెలల తర్వాత ఒకసారి వచ్చి చూపించండి అని రాశారు. స్కూల్లో అరగంట మాత్రం 2026 దాకా ఉంటుందన్నారు.

చివరి రోజు రిపోర్టుతోపాటు ఒక సంతకాల కాగితం ఇచ్చారు. ఇన్ని నెలలుగా తీసిన వీడియోల్ని ఏం చేయాలో మేం చెప్పాలి. మా ఆయన అన్నీ చెరిపేయమన్నారు. పెద్దయ్యాక వాడి వీడియో ఎవరో చూస్తారంటే ఆయనకి నచ్చలేదు. నాకు మాత్రం ఆ బుడగల రోజు, వణుకుతున్న చేతులతో ఆ అమ్మాయి ఆగిన రోజు, ఇంకో మొదటి సెమిస్టర్ పిల్ల చూస్తే మంచిదనిపించింది. కార్లో కూర్చుని చాలాసేపు వాదించుకున్నాం. వాడు వెనక సీట్లోంచి "ఇంటికి పోదాం" అంటూనే ఉన్నాడు. చివరికి క్లాసులో చూపించుకోవచ్చు అన్న గడిలో టిక్ పెట్టి, కాన్ఫరెన్సుల్లో చూపించుకోవచ్చు అన్న గడి ఖాళీగా వదిలేసి, మా ఆయనే లోపలికెళ్ళి ఇచ్చి వచ్చారు.